మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?

ఆపరేషన్ అయిన ఆరో రోజో ఏడో రోజో... కుట్ల నొప్పి కాస్త తగ్గి, గంజి నుంచి మెత్తటి అన్నానికి వచ్చాక, మంచం పక్కన నిలబడ్డవాళ్లు డాక్టరును అడిగే ప్రశ్న ఒక్కటే. ‘గడ్డంతా తీసేశారు కదా సార్, మళ్లీ రాదుగా?’ కొందరు పేషెంటు వినకుండా వరండాలోకి వచ్చి అడుగుతారు. కొందరు డిశ్చార్జి రోజున మందుల కవరు చేతికొచ్చాక అడుగుతారు. ఒంగోలులో అడిగినా, గుంటూరులో అడిగినా, కర్నూలులో అడిగినా జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. ‘కచ్చితంగా చెప్పలేం. ఛాన్సు తక్కువే. చూపించుకుంటూ ఉండండి.’

బస్సు మార్కాపురమో గిద్దలూరో చేరేలోపు ఈ మూడు మాటల్లో మొదటిది భయంగా మారుతుంది. రెండోది ధైర్యంగా మారుతుంది. మూడోది గుర్తుండదు. ఆ మూడో మాట గురించే ఈ వారం.

పెద్దపేగు క్యాన్సర్ మన దేశంలో పాశ్చాత్య దేశాలతో పోలిస్తే తక్కువే. అయినా ‘మా వైపు కూడా వింటున్నాం’ అనే మాట కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు ఎటు వెళ్లినా వినిపించే రోజులివి. మలంలో రక్తం పడితే మొలలనుకుని పసరు తాగడం, ఆర్ఎంపీ దగ్గర రెండు నెలలు మాత్రలు వాడటం, చివరికి పేగు మూసుకుపోయి పొట్ట ఉబ్బితే అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పరుగెత్తడం... ఇదీ మామూలుగా జరిగే వరస. ఈ వరసకూ, జబ్బు తిరగబెట్టే అవకాశానికీ నేరుగా సంబంధం ఉంది. అదెలాగో కాసేపట్లో చూద్దాం. ముందు ‘ఛాన్సు’ సంగతి తేల్చుకోవాలి.

బోరు లెక్క

పడమటి ప్రకాశంలో ఛాన్సు అనే మాటకు అర్థం ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు వేయించిన ప్రతి రైతుకూ తెలుసు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచే నీళ్ల మనిషి చెప్పినా, వైర్లూ పెట్టే పట్టుకొచ్చిన జియాలజిస్టు చెప్పినా ‘నూటికి డెబ్భై పడతాయి’ అనే చెబుతారు. అంటే బోరులో డెబ్భై శాతం నీళ్లు వస్తాయని కాదు. ఇలాంటి నేలలో వంద బోర్లు వేస్తే డెబ్భైలో నీళ్లు పడతాయని. మన బోరు ఆ డెబ్భైలో ఉందా, మిగతా ముప్ఫైలో ఉందా అనేది రిగ్గు దిగాకే తేలుతుంది. పడితే పూర్తిగా పడినట్టు, పోతే పూర్తిగా పోయినట్టు.

క్యాన్సర్ తిరగబెట్టే అవకాశమూ అచ్చంగా ఇంతే. పేగు ఆపరేషన్ మాత్రమే జరిగి జబ్బు మొదటి దశలో ఉంటే సుమారుగా నూటికి ఐదారుగురికి తిరిగి వస్తుంది. రెండో దశలో పదిహేను మంది అటూఇటూ. మూడో దశ, అంటే చుట్టుపక్కల లింఫు గ్రంథులకు పాకినదైతే, కీమో తీసుకున్నా ముప్ఫై మందికి దగ్గరదగ్గరగా. తిరిగి రావడం అంటూ జరిగితే ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే. ఐదేళ్లు దాటితే అవకాశం బాగా సన్నగిల్లుతుంది. డాక్టర్లు ‘ఐదేళ్లు’ అని అంతగా పట్టుబట్టేది అందుకే.

నూటికి పదిహేను అన్న అంకె డాక్టరుకు పనికొచ్చినంతగా ఇంట్లోవాళ్లకు పనికిరాదు. వాళ్లకు కావలసింది ‘మా నాయన ఆ పదిహేనులో ఉన్నాడా లేదా’ అని. గత తొంభై ఏళ్లుగా వైద్యశాస్త్రం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు 1932లో, కోసి తీసిన పేగు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, గడ్డ గోడ దాటిందా, గ్రంథులకు చేరిందా అనే లెక్కతో రోగులను మూడు రకాలుగా విడదీశాడు. ఎవరికి తిరగబెడుతుందో ముందుగా అంచనా కట్టే పని అలా గాడిలో పడింది. ఇప్పటి మన రిపోర్టుల్లో ఉండే టీ, ఎన్, ఎం అక్షరాలు ఆ దారిలో వచ్చినవే.

ఫైలులో ఆ ఒక్క కాగితం

ఆపరేషన్ ఫైలు మామూలుగా అరకిలో బరువుంటుంది. స్కానింగ్ ఫిల్ములు, బిల్లులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, రోజువారీ రక్తపరీక్షలు. అన్నీ పోయినా ఫర్వాలేదు గానీ ఒక్క కాగితం పోకూడదు. తీసిన పేగును పరీక్షించి ఇచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టు. అందరూ ‘బయాప్సీ రిపోర్టు’ అంటారు. ఆపరేషన్‌కు ముందు చిన్న ముక్క తీసి చేసింది బయాప్సీ. ఇది వేరు. ఇది వారం పది రోజుల తర్వాత వస్తుంది. అప్పటికి డిశ్చార్జి అయిపోయి ఉంటారు. ‘కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు తీసుకోండి’ అంటారు. కుట్లు ఊళ్లోనే ఆర్ఎంపీతో విప్పించుకుంటారు. రిపోర్టు ల్యాబులోనే ఉండిపోతుంది! జబ్బు భవిష్యత్తు గురించి ఉన్న ముఖ్యమైన ఆధారం అలా అలమరాలో దుమ్ము కొట్టుకుపోతుంది.

ఆ కాగితంలో ‘టీ’ పక్కనున్న అంకె గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు దిగిందో చెబుతుంది. ఒకటి, రెండు అయితే గోడలోనే ఉంది. మూడు అంటే కండపొర దాటింది. నాలుగు అంటే బయటి పొరను చీల్చుకుని వచ్చింది, లేదా పక్క అవయవాన్ని అంటుకుంది. ‘ఎన్’ పక్కన సున్నా ఉంటే గ్రంథులకు పాకలేదని.

ఇక్కడో మెలిక ఉంది. గ్రంథులకు పాకలేదని చెప్పాలంటే అసలు ఎన్ని గ్రంథులను వెతికి చూశారు? కనీసం 12 చూడాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. ఊళ్లో దొంగ లేడని చెప్పాలంటే నాలుగిళ్లు సోదా చేసి చెబితే ఎవరు నమ్ముతారు? నాలుగు గ్రంథులు చూసి ‘సున్నా’ అని రాసిన రిపోర్టూ అంతే. అది సున్నా కాదు, ‘తెలియదు’ అని. అందుకే 12 కన్నా తక్కువ దొరికితే రెండో దశ జబ్బునైనా ముప్పు ఎక్కువున్న కోవలో వేస్తారు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ‘ఎన్ని గ్రంథులు చూశారు సార్?’ అని అడగడం అగౌరవమేమీ కాదు. మంచి డాక్టరు అలా అడిగినవాళ్లను చూసి సంతోషిస్తాడు.

అర్ధరాత్రి కారు మాట్లాడుకుని వెళ్లడం గురించి చెప్పుకున్నాం కదా... పేగు పూర్తిగా మూసుకుపోయి ఆపరేషన్ చేయాల్సి రావడం, పేగు చిల్లు పడటం కూడా తిరగబెట్టే ముప్పును పెంచేవే. గడ్డ అంతే ఉన్నా, వచ్చిన తీరు వల్ల ముప్పు పెరుగుతుంది. మొలలనుకుని గడిపిన ఆ రెండు నెలల ఖరీదు అది. ‘మా ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా?’ అని కూడా అడుగుతుంటారు. ఫ్లోరైడ్ ఎముకల్నీ పళ్లనూ తినేస్తుంది, నిజమే. పెద్దపేగు క్యాన్సర్‌కు తెలిసిన కారణాల్లో మాత్రం అది లేదు. బీడీ, చుట్ట, సారా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగరు.

పేషెంటుకు చెప్పొద్దు...

మనవైపు ఇంకో ఆనవాయితీ ఉంది. జబ్బు పేరు పేషెంటుకు తప్ప అందరికీ తెలిసి ఉంటుంది. ‘గడ్డ అన్నాం, అల్సర్ అన్నాం, క్యాన్సర్ అనలేదు సార్, మీరూ అనకండి’ అని డాక్టరును బతిమాలతారు. ప్రేమతోనే. కానీ అల్సర్ తీసేసిన మనిషి మూడు నెలలకోసారి గుంటూరు ఎందుకు వెళ్లాలి? ‘అయిపోయింది కదా అబ్బయ్యా, ఇంకా ఈ తిరుగుడేంది? ఆ డబ్బులతో ఎరువు బస్తాలొస్తాయి’ అని ఆయన అంటే కొడుకు దగ్గర జవాబుండదు. 

అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు పేగు క్యాన్సర్ వచ్చిందని తనే చెప్పారు. అప్పటికి ఆయన వయసు 89. అంతటి మనిషి దాచుకోలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 2014 జనవరి 22న కన్నుమూశారు. ‘మనం’ సినిమా ఆయన వెళ్లిపోయాక విడుదలైంది. ఆయనది ఆ వయసులో బయటపడ్డ జబ్బు, తిరగబెట్టిన కథ కాదు. కానీ తెలుగు ఇళ్లలో ‘పేగు క్యాన్సర్’ అనే మాటను గొంతు తగ్గించకుండా పలికించిన సందర్భం అదే. ‘బ్లాక్ పాంథర్’ హీరో చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో మూడో దశలో బయటపడింది. ఆపరేషన్లు, కీమోల మధ్యే సినిమాలు చేశాడు. జబ్బు నాలుగో దశకు చేరి 2020 ఆగస్టులో పోయాడు. వయసు 43. ముసలివాళ్ల జబ్బు అనుకునేవాళ్ల కోసం ఈ సంగతి.

తడి పలక

గడ్డ మొత్తం తీసేశాక మళ్లీ ఎలా వస్తుంది? మార్కాపురం పలకల మీద రాసి పెరిగిన తరానికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పలకను తడిగుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. ఒక్క అక్షరమూ కనిపించదు. ఆరాక చూడండి... సరిగ్గా తుడవని చోట తెల్లటి గీత మెల్లగా పైకి తేలుతుంది. ఆపరేషన్‌కు ముందే గడ్డ నుంచి విడివడి రక్తంలోకో, గ్రంథుల్లోకో జారిన కొన్ని కణాలు స్కానింగ్‌కు దొరకనంత చిన్నవిగా ఉండిపోతాయి. అవి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నిలదొక్కుకుని, పెరిగి కనబడటానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. అంటే చాలామందిలో ‘మళ్లీ రావడం’ అనేది కొత్తగా రావడం కాదు. మిగిలిపోయింది బయటపడటం.

ఆ మిగిలిపోయినదాన్ని తడి ఆరకముందే చూడగలమా అన్నదే పోటీ. మొదటి ఆయుధం కెనడాలో దొరికింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ 1965లో పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో ఒక పదార్థాన్ని కనిపెట్టారు. కడుపులో శిశువు పేగుల్లోనూ ఉండేదే కాబట్టి దానికి తగ్గ పేరు పెట్టారు. అదే రిపోర్టుల్లో కనిపించే సీఈఏ. మిల్లీలీటరు రక్తంలో 5 నానోగ్రాముల లోపు ఉంటే మామూలు కింద లెక్క. ఖర్చు వందల్లోనే. 

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, 5ను గీతగా పెట్టుకుంటే తిరగబెట్టిన పదిమందిలో ఏడుగురినే అది పట్టుకోగలదు. జబ్బు లేనివారిలోనూ నూటికి పన్నెండు మందిని అనవసరంగా భయపెడుతుంది. బీడీ తాగేవాళ్లకు కాస్త ఎక్కువే ఉంటుంది. కాలేయం బాగాలేకపోయినా పెరుగుతుంది. కొన్ని గడ్డలు అసలు ఈ పదార్థాన్నే విడుదల చేయవు. ఆపరేషన్‌కు ముందు కూడా మామూలుగానే ఉందంటే, తర్వాత మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండటానికి లేదు. అందుకే ఒక్క అంకెను చూసి బెంబేలెత్తకూడదు. 2, 2.4, 4.1, 6.8... ఇలా మెట్లెక్కుతుంటేనే స్కానింగ్‌కు పంపుతారు. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోవడం మంచిది. ల్యాబు మారితే అంకె మారుతుంది. అది జబ్బు పెరిగిందో, మిషను మారిందో తెలియక వారం రోజులు నిద్రుండదు.

ఇంతకీ ఇలా వెంటపడి చూడటం వల్ల లాభముందా? బ్రిటన్‌లో 39 ఆసుపత్రుల్లో 1,202 మంది మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. లక్షణాలు కనిపిస్తేనే రమ్మన్నవాళ్లలో, తిరగబెట్టిన జబ్బును నయం చేసే ఉద్దేశంతో మళ్లీ ఆపరేషన్ చేయగలిగింది 2.3 శాతం మందికి. క్రమం తప్పకుండా సీఈఏ చూసినవారిలో అది 6.7 శాతం. స్కానింగ్ చేసినవారిలో 8. సుమారు మూడు రెట్లు. అలాగని ప్రాణాలు దక్కినవారి సంఖ్యలో స్పష్టమైన తేడా ఆ పరిశోధనలో తేలలేదు. అది కూడా చెప్పాలి. కాలేయంలో ఒకటో రెండో మచ్చలుగా ఉన్నప్పుడు దొరికితే కోసి తీసేసి, ఏళ్ల తరబడి హాయిగా బతికేవాళ్లున్నారు. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడ్డాక దొరికితే ఆ దారి మూసుకుపోతుంది.

మూడు నెలలకోసారి రైలు

మామూలు పద్ధతి ఇదీ. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు, సీఈఏ. తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. ఏడాదికో సీటీ స్కానింగ్. ఏడాది నిండగానే కొలనోస్కోపీ, అది బాగుంటే మూడేళ్లకు, ఆపైన ఐదేళ్లకు.

కాగితం మీద చక్కగానే ఉంది. గిద్దలూరు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లావే. పెద్ద జబ్బు వస్తే అటు నల్లమల ఘాటు దాటి నంద్యాల, కర్నూలు పోవాలా, ఇటు రైలెక్కి గుంటూరు పోవాలా అన్న తర్జనభర్జన అప్పటినుంచీ తీరలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక క్యాన్సర్ ఆపరేషన్‌కూ, కీమోకూ, కరెంటు పెట్టించుకోవడానికీ పొలం అమ్మాల్సిన అవసరం చాలావరకు తప్పింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కానీ ఒక రక్తపరీక్ష కోసం పోయిన ఇద్దరి కూలి, రానుపోను ఛార్జీలు, బయట తిండి... వీటికి కార్డు లేదు. ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆరోగ్యంగా తిరుగుతుంటే ఆ ఖర్చు ఇంకా దండగలా కనిపిస్తుంది. రెండుసార్లు వెళ్తారు. మూడోసారి పత్తి తీతలొస్తాయి. నాలుగోసారి పెళ్లి.

దీనికి నాకు తోచిన మార్గం చిన్నదే. ప్రతిసారీ మనిషి వెళ్లక్కర్లేదు, రక్తం వెళ్తే చాలు. పట్టణంలోని ల్యాబులో రక్తమిచ్చి, రిపోర్టును డాక్టరుకు ఫోన్‌లో పంపడానికి ముందే అనుమతి అడిగి పెట్టుకోవచ్చు. అంకె కదిలితేనో, స్కానింగ్ వేళకో ప్రయాణం. డిశ్చార్జి రోజున ఈ ఏర్పాటు మాట్లాడుకోవాలి. తర్వాత మాట్లాడదామంటే కుదరదు.

గొర్రెల మందు, భీమవరం బిడ్డ

తిరిగి వస్తుందేమోనని ఎదురుచూడటమేనా, రాకుండా చేయలేమా? ఆ ప్రయత్నం చరిత్రలో మన ప్రాంతపు గొర్రెల కాపరులకు తెలిసిన మందు ఒకటుంది. లెవమిసోల్. జీవాలకు తాగించే నట్టల మందు! అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు చార్లెస్ మోర్టెల్ బృందం, మూడో దశ రోగులకు ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందుతోపాటు దీన్ని ఇస్తే తిరగబెట్టే ముప్పు 41 శాతం తగ్గిందని 1990లో ప్రకటించింది. ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వాలన్న పద్ధతి గట్టిపడింది అక్కడినుంచే. మనుషుల కోసం తయారైన మాత్ర ధర గొర్రెల మాత్ర కన్నా దాదాపు వంద రెట్లు పెట్టారని అదే మోర్టెల్ బహిరంగంగా నిలదీశాడు కూడా. 

తర్వాత్తర్వాత తేలిందేమిటంటే పని చేసింది నట్టల మందు కాదు, అసలు కీమో మందే. లెవమిసోల్ పక్కకు తప్పుకుంది. దాని స్థానంలో ల్యూకోవొరిన్ వచ్చింది. ఇది ఫోలిక్ ఆమ్లం కుటుంబానిది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ రోజు గుంటూరులోనో హైదరాబాదులోనో సెలైన్ స్టాండుకు వేలాడే సీసాలో ఆయన పని కొంత ఉంది.

2004లో ఆక్సాలిప్లాటిన్ చేరింది. 2,246 మందిపై జరిగిన పరిశోధనలో, మూడేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు పాత మందుతో 72.9 శాతం, ఇది చేర్చాక 78.2 శాతం. నూటికి ఐదుగురు అదనం. మరి మిగతావాళ్లు? డెబ్భైముగ్గురికి ఈ మందు లేకపోయినా ఫర్వాలేదు. ఇరవైరెండు మందికి ఇచ్చినా ఆగలేదు. కానీ వందమందీ దాని కష్టాన్ని భరించాలి. చల్లనీళ్లు తాకితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొందరికి ఆ తిమ్మిరి ఏళ్లు గడిచినా పోదు. పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడికి, పత్తి తీసే ఆడమనిషికి వేళ్లు మొద్దుబారడమంటే కూలి పోవడమే. 2018లో ఆరు పరిశోధనల్లోని 12,800 మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసి, మూడో దశలోనే ముప్పు తక్కువున్నవారికి ఆరు నెలల బదులు మూడు నెలల కీమో సరిపోవచ్చని తేల్చారు. డాక్టరును ‘మూడా, ఆరా?’ అని అడగదగ్గ సంగతి ఇది.

అసలు చిక్కంతా రెండో దశలో. వందమందిలో ఎనభై అయిదుగురికి కీమో అవసరమే లేదు. ఆ పదిహేను మంది ఎవరో తెలిస్తే వాళ్లకే ఇవ్వొచ్చు. ఎవరో తెలియడం ఎలా?

రక్తంలో ఆనవాళ్లు

చనిపోయే ప్రతి కణమూ తన డీఎన్ఏ తునకలను రక్తంలో వదులుతుంది. క్యాన్సర్ కణమూ అంతే. అవి రక్తంలో కొద్ది గంటలు కూడా నిలవవు. కాబట్టి ఆపరేషన్ అయిన నెల తర్వాత కూడా గడ్డ తాలూకు డీఎన్ఏ కనిపిస్తోందంటే, దాన్ని వదిలే కణాలు ఒంట్లో ఎక్కడో ఇంకా ఉన్నట్టు. ఆస్ట్రేలియాలో జీన్ టై బృందం రెండో దశ రోగుల మీద చేసిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో కీమో తీసుకోనివారు 178 మంది. వారిలో 14 మంది రక్తంలో ఆనవాళ్లు దొరికాయి. ఆ 14 మందిలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. ఆనవాళ్లు దొరకని 164 మందిలో తిరగబెట్టింది 16 మందికే.

పత్రికల్లో ఇంతవరకే రాస్తారు. 14లో 11... జాతకం చెప్పినట్టే ఉంది! కానీ ఇంకొక్కసారి లెక్క వేయండి. మొత్తం తిరగబెట్టింది 27 మందికి. వాళ్లలో పరీక్ష ముందే పట్టుకుంది 11 మందిని. తప్పించుకుపోయినవాళ్లు 16 మంది! ఆనవాళ్లు దొరికితే నమ్మి తీరాల్సిందే. దొరకలేదని మాత్రం పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. ఒక్కసారి కాక, మళ్లీ మళ్లీ చేస్తే దొరికేవాళ్లు పెరుగుతారు. ఖర్చూ పెరుగుతుంది.

అయినా ఇది పనికొచ్చేదేనని అదే బృందం 2022లో చూపించింది. 455 మంది రెండో దశ రోగుల్లో కొందరికి ఈ పరీక్షను బట్టి, మిగతావారికి మామూలు పద్ధతిలో కీమో నిర్ణయించారు. మామూలు పద్ధతిలో 28 శాతం మందికి కీమో ఇవ్వాల్సి వస్తే, పరీక్ష ప్రకారం 15 శాతానికే సరిపోయింది. రెండేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు రెండుచోట్లా దాదాపు సమానం... 92.4, 93.5 శాతం. అంటే దాదాపు సగం మందికి కీమో తప్పించినా నష్టం జరగలేదు.

మూడో దశకు వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. 2025లో వెలువడిన ఫలితాల్లో, ఆనవాళ్లు దొరికినవాళ్లకు ఇంకా బలమైన కీమో ఇచ్చి చూశారు. తేడా కనిపించలేదు. జరగబోయేది తెలుసుకోవడం వేరు, దాన్ని ఆపగలగడం వేరు. ప్రస్తుతానికి ఈ పరీక్ష మన సామాన్య కుటుంబాలకు అందే ధరలో లేదు. దాని కోసం అప్పు చేయాలా అని ఎవరైనా అడిగితే, ఆ డబ్బును ఐదేళ్ల సీఈఏలకూ, స్కానింగులకూ, రైలు ఛార్జీలకూ దాచుకోమనే నేను చెబుతాను.

దబ్బున ఖర్చయ్యేవి కాని మంచి కబుర్లు రెండున్నాయి. మూడో దశ, ముప్పు ఎక్కువున్న రెండో దశ రోగులు 889 మందిలో సగంమందికి, కీమో ముగిశాక మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో క్రమం తప్పని వ్యాయామం అలవాటు చేశారు. 2025లో వచ్చిన ఫలితం... ఐదేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు వ్యాయామం చేసినవారిలో 80.3 శాతం, ఉత్త సలహాల పుస్తకం ఇచ్చినవారిలో 73.9 శాతం. ఖరీదైన మందు ఇచ్చే లాభానికి ఇది తక్కువేం కాదు. వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట వడివడిగా నడవడంలాంటిదే ఎక్కువమంది చేసింది. ఎండ ముదరకముందే చెరువు కట్ట మీద నడిచినా చాలు.

రెండోది ఆస్పిరిన్. గడ్డలో ఒక ప్రత్యేకమైన జన్యుమార్పు ఉన్నవాళ్లకు రోజూ 160 మిల్లీగ్రాములు మూడేళ్లు ఇస్తే తిరగబెట్టడం 14.1 శాతం నుంచి 7.7 శాతానికి తగ్గిందని స్వీడన్ నేతృత్వంలోని పరిశోధన 2025లోనే చెప్పింది. ఆ జన్యుమార్పు అందరికీ ఉండదు. గడ్డ ముక్కను పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెప్పించే మందు కూడా. షాపుకు వెళ్లి కొనుక్కుని మింగేయకండి... డాక్టరును అడగండి.

చివరగా ఇంకో సంగతి. మళ్లీ వస్తుందా అన్న ప్రశ్న మంచం మీదున్న మనిషి గురించే అడుగుతారు. పక్కన నిలబడ్డవాళ్ల గురించి అడగరు. పెద్దపేగు క్యాన్సర్లలో కొన్ని వంశపారంపర్యంగా నడిచేవి. ఆ గడ్డ ముక్కకే ఇంకో పరీక్ష చేసి ఆ అనుమానాన్ని తేల్చవచ్చు. అలాంటిది కాకపోయినా, తల్లికో తండ్రికో తోబుట్టువుకో వచ్చిందంటే మిగతావాళ్లు 40 ఏళ్లకు గానీ, ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసు కన్నా పదేళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. అన్నకు 48లో వస్తే తమ్ముడికి 38లో అన్నమాట. మూడు నెలలకోసారి అన్న ఫైలు చంకన పెట్టుకుని గుంటూరు రైలెక్కే తమ్ముడికి ఈపాటికి నలభై దాటే ఉంటాయి.